తమ్ముడి స్కీయింగ్ కోసం పెందుర్తి స్థలం అమ్మాలా?

మధురవాడ నుంచి ఒక అక్క ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు, పనిచేసే కంపెనీ బయట పెట్టొద్దన్నారు. కుదించి చెబుతాను.

ఆమెకు 28 ఏళ్లు, రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తమ్ముడికి 20. నాన్నగారిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. శ్రీనగర్ బదిలీ అయి ఆరేళ్లు అక్కడున్నారు. అప్పుడే, ఎనిమిదో ఏట, పిల్లాడు గుల్మార్గ్‌లో మొదటిసారి కాళ్లకు స్కీలు కట్టాడు. విశాఖ తిరిగి వచ్చాక కూడా వదల్లేదు. ఏటా జనవరి వచ్చేసరికి బ్యాగు సర్దుకుని వెళ్లిపోయి పాత కోచ్ ఇంట్లో ఉంటాడు. మిగతా నెలలన్నీ తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేసే వేళలో చక్రాల స్కేట్లు, సాయంత్రం జిమ్, ఆదివారం కైలాసగిరి మెట్లు. జాతీయ పోటీల్లో రెండుసార్లు మొదటి పదిమందిలో నిలిచాడు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య, అదే ఎఫ్ఐఎస్, లైసెన్సు ఉంది. మంచు కొండ మీద పాతిన గేట్ల (జెండా కర్రల) మధ్య మలుపులు తిరుగుతూ దిగే జెయింట్ స్లాలమ్ పోటీలో అతని పాయింట్లు కిందటేడు 240, ఇప్పుడు 195. బీకాంలో నాలుగు సబ్జెక్టులు మిగిలిపోయాయి.

ఇటలీలోని ఒక శిక్షణ కేంద్రం రమ్మంటోంది. నవంబరు మొదటి నుంచి మార్చి ఆఖరు దాకా, మొత్తం 18 లక్షలు. నాన్నగారు పెందుర్తిలోని 150 గజాల స్థలం అమ్మేద్దామంటున్నారు. బ్రోకర్ అప్పుడే ఇద్దరిని తీసుకొచ్చి చూపించాడట. ఆ స్థలం ఈవిడ పెళ్లికని 15 ఏళ్ల కిందట కొన్నది. విజయనగరం సంబంధం ఒకటి మాటల దాకా వచ్చింది. అమ్మగారేమో "మంచు పడని ఊళ్లో మంచు ఆటేంటి నాయనా" అని రోజూ కళ్లనీళ్లు. మూడేళ్లుగా ఈవిడే జీతంలోంచి పంపుతున్నారు. ఈసారి కాస్త తటపటాయిస్తే తమ్ముడు అన్నాడట, "నువ్వు కూడా నన్ను నమ్మట్లేదా అక్కా" అని.

ఆఖరి పేజీలో రెండు సంగతులు రాసి పక్కన "ఇంట్లో తెలీదు" అని పెట్టారు. ఒకటి, ఫిబ్రవరిలో తమ్ముడు పడినప్పుడు మోకాలు మెలిపడింది. ఎంఆర్ఐలో లిగమెంట్ కొంత చిరిగినట్టు వచ్చింది. రెండు, అతని కొత్త స్కీలకీ పోటీల ప్రయాణాలకీ ఈవిడ మూడు లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నారు.

"వద్దంటే వాడి జీవితం నేను ఆపినట్టు. సరేనంటే నాది నేనే ఆపుకున్నట్టు. ఏది చెయ్యమంటారు?" ఇదీ ప్రశ్న.

అమ్మా, ముందు ఒకటి ఒప్పేసుకుంటాను. నేను మంచు చూసింది జీవితంలో ఒక్కసారి, మనాలిలో. అద్దెకిచ్చే పొడుగు కోటు తొడుక్కుని నాలుగడుగులు వేశాను, జారి కూర్చున్నాను, ఫొటో దిగి వచ్చేశాను. మీ తమ్ముడి మలుపులు ఎలా ఉన్నాయో చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఈ ఆటకు ఒక లెక్క ఉంది. ఆ లెక్క మీ ఇంట్లో నలుగురూ కూర్చుని ఒక్కసారి కూడా చూసినట్టు లేదు. చుట్టాలు ఒలింపిక్స్ అంటున్నారు, నాన్నగారు దేశం పేరు అంటున్నారు, అమ్మగారు పనికిమాలిన ఖర్చు అంటున్నారు. ఆ 195 గురించి మాట్లాడేవాళ్లు లేరు.

మీ తమ్ముడి పాయింట్లు మార్కుల్లాంటివి కావు. ఎంసెట్ ర్యాంకు లాంటివి, తగ్గేకొద్దీ మంచిది. ప్రపంచంలో అందరికంటే మెరుగైనవాడు సున్నా దగ్గర ఉంటాడు. జెయింట్ స్లాలమ్‌లో గెలిచినవాడు రెండు రన్‌లూ కలిపి రెండు నిమిషాల్లో దిగాడనుకోండి. మీవాడు 12 సెకన్లు వెనకపడ్డాడు. 12ని 120తో భాగించి 1010తో గుణిస్తారు, 101 వస్తుంది. ఆ పోటీలో ఎంత గట్టివాళ్లు దిగారన్నదాన్ని బట్టి పెనాల్టీ అని ఇంకొన్ని పాయింట్లు కలుపుతారు. అలా 12 నెలల్లో వచ్చిన రెండు మంచి ఫలితాల సగటే చేతికి మిగిలే అంకె. మిగతా రేసుల్లో పడినా లేచినా లెక్కలోకి రాదు.

ఇప్పుడు 240 నుంచి 195 అంటే ఏమిటో చూడండి. పెనాల్టీ ఇంచుమించు ఒకటే అనుకుంటే, రెండు నిమిషాల రేసులో ఆ 45 పాయింట్లు సుమారు ఐదు సెకన్లు. ఏడాదిలో ఐదు సెకన్లు కోసుకున్న పిల్లాడు గుల్మార్గ్‌లో ఊరికే కూర్చోలేదు. ఇది మీ అమ్మగారికి చెప్పండి. మీ నాన్నగారికి మాత్రం దీని రెండో సగం చెప్పాలి. బరువు తగ్గాలనుకున్నవాళ్లందరికీ తెలిసిందే, మొదటి ఐదు కిలోలు ఇట్టే పోతాయి, తర్వాతి రెండు కిలోలకే ప్రాణం పోతుంది. ఇక్కడా అంతే. 195 నుంచి 150కి రావడానికి పట్టే శ్రమ, 240 నుంచి 195కి పట్టిన శ్రమ కంటే ఎక్కువ.

ఇక ఎవరితో పోటీ అన్నది. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ పిల్లలు మూడు నాలుగేళ్లకే స్కీలు ఎక్కుతారు. వరల్డ్ కప్ జెయింట్ స్లాలమ్‌లో మొదటి రన్ అయ్యాక 30 మందినే రెండో రన్‌కి పిలుస్తారు. పాయింట్లు కూడా ఆ 30 మందికే, గెలిచినవాడికి 100, ముప్ఫయ్యోవాడికి 1. ఆస్ట్రియాలో జరిగే పేరున్న వేగపు రేసు, కిట్స్‌బ్యూల్ డౌన్‌హిల్ గెలిస్తే సుమారు లక్ష యూరోలు వస్తాయి, నిజమే. కానీ ఆ డబ్బు ముట్టుకునేవాళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మిగతావాళ్లు ఏదో ఒక ఉద్యోగమో, సైన్యమో, ఇంటివాళ్లో మోస్తే నడిచేవాళ్లే.

మన దేశం నుంచి నడిచే దారి వేరు. పెద్ద జట్లు లేని దేశాలకు ఒలింపిక్స్ కోసం ఒక కనీస కోటా ఉంటుంది. పాయింట్లు ఒక హద్దు లోపలికి తెచ్చుకుంటే స్లాలమ్ (గేట్లు ఇంకా దగ్గరగా ఉండే పోటీ), జెయింట్ స్లాలమ్‌లకు ఒక అబ్బాయి, ఒక అమ్మాయి వెళ్లొచ్చు. 2022 బీజింగ్‌కి మన దేశం మొత్తానికి వెళ్లింది ఒక్కరే, కశ్మీర్‌కి చెందిన ఆరిఫ్ ఖాన్. జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానం. స్లాలమ్‌లో రేసు పూర్తి కాలేదు. వాళ్ల నాన్నకి గుల్మార్గ్‌లోనే స్కీ సామాన్ల దుకాణం. ఆ అబ్బాయి నాలుగేళ్లకే మొదలుపెట్టి 31వ ఏట అక్కడికి చేరాడు. మనాలి దగ్గర బురువా అమ్మాయి ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీలో కాంస్యం గెలిస్తే, స్కీయింగ్‌లో మన దేశానికి అదే మొదటి అంతర్జాతీయ పతకం. ఇద్దరి గడపలోనూ మంచు పడుతుంది. మీ గడపలో సముద్రపు ఉప్పు పడుతుంది. అసాధ్యం అని దీని అర్థం కాదు. మీవాడు ఆ ఒక్క సీటు కోసం వాళ్లతోనూ, గుల్మార్గ్‌లో ఏడాదంతా ఉండే సైనికులతోనూ పోటీ పడుతున్నాడని అర్థం.

అయితే ఇటలీ కోరిక షోకు కోసం కాదని కూడా నాకు అనిపిస్తోంది. 2024 జనవరిలో గుల్మార్గ్‌లో నేల కనిపించింది, 2025లో మంచు చాలక అక్కడి ఖేలో ఇండియా పోటీలే వాయిదా పడ్డాయి. ఇల్లు కట్టేవాడు ఇసుక దొరికే చోటికి వెళ్లినట్టు రేసర్ మంచు దొరికే చోటికి వెళ్లాల్సిందే. ఎన్నాళ్లు, ఎప్పుడు, ఎంతకి అన్నదే మాట.

ఆ 18 లక్షల దగ్గర నాకు పెద్ద అనుమానం ఉంది. బీజింగ్‌కి ముందు ఆరిఫ్‌కి ప్రభుత్వం ఐరోపా శిక్షణకూ పరికరాలకూ 17.46 లక్షలు మంజూరు చేసింది. అది సుమారు 35 రోజులకి. మీవాడికి ఐదు నెలలకి 18 లక్షలంటున్నారు. ఒలింపిక్స్ ముందు ఏర్పాట్లు వేరు, నలుగురితో కలిసి హాస్టల్లో ఉండడం వేరు, ఒప్పుకుంటాను. అయినా ఈ అంకెలో చేరనివి చాలానే ఉండి ఉంటాయి. లిఫ్ట్ పాస్ ఉందా, పోటీల ఎంట్రీ ఫీజులు, వాటికి వెళ్లే వ్యాను ఖర్చు ఉన్నాయా, స్కీలకు అంచులు పదును పెట్టి వ్యాక్స్ చేసేది ఎవరు, ఒక కోచ్‌కి ఎంతమంది పిల్లలు, వారంలో గేట్ల మధ్య శిక్షణ ఎన్ని రోజులు. కాగితం మీద రాయించుకోండి. ఇంకొకటి, ఇటలీ లాంటి ఐరోపా దేశాలకిచ్చే మామూలు షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు. నవంబరు నుంచి మార్చి అంటే 151 రోజులు, దానికి వేరే వీసా కావాలి. ఈ సంగతి వాళ్లు మీకు చెప్పారా? చెప్పకపోతే ఆ పిలుపు రాసినవాళ్లు మీవాడి గురించి ఎంతసేపు ఆలోచించారో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు మోకాలు. మిగతా అన్నిటికీ రెండు మూడు దారులు చెబుతాను కానీ దీనికి మాత్రం ఒకటే చెబుతాను. అది ఇంట్లో తెలియాలి.

మగవాళ్ల జెయింట్ స్లాలమ్ స్కీ 193 సెంటీమీటర్లు, మీ తమ్ముడి కంటే పొడుగేమో. పడినప్పుడు బైండింగ్, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు, ఊడకపోతే ఆ పొడవంతా ఒక గడ్డపారలా కాలిని తిప్పుతుంది. బూటు గట్టిది కాబట్టి చీలమండకి ఏమీ కాదు, మెలి అంతా మోకాలికి చేరుతుంది. అందుకే ఈ ఆటలో ఎంత గొప్పవాళ్లకైనా మోకాలి కథ ఉంటుంది. వరుసగా ఎనిమిదేళ్లు వరల్డ్ కప్ ఓవరాల్ టైటిల్ గెలిచిన ఆస్ట్రియా రేసర్ మార్సెల్ హిర్షర్ 2019లో ఆపేశాడు. 2024లో తల్లి దేశం నెదర్లాండ్స్ తరఫున మళ్లీ వచ్చి, ఆ సీజన్లోనే లిగమెంట్ తెంపుకున్నాడు. అమెరికా రేసర్ లిండ్సీ వాన్ కుడి మోకాలిలో లోహపు కీలు పెట్టించుకున్నాకే మళ్లీ పోటీలకి దిగింది. వాళ్లకి వెంట డాక్టర్లున్నారు, ఫిజియోలున్నారు. మీవాడికి ఎవరున్నారు, ఎంఆర్ఐ కవరు దాచిపెట్టుకున్న మీరు తప్ప?

ఒక తండ్రి తన స్థలం అమ్మి కొడుకును పంపుతున్నప్పుడు, ఆ కొడుకు మోకాలు ఎలా ఉందో తెలుసుకునే హక్కు ఆయనకుంది. మీరు చాడీ చెప్పినట్టు కాకుండా ఉండాలంటే ముందు తమ్ముడితో మాట్లాడండి. "నేను చెప్పను, నువ్వే చెప్పు, వచ్చే ఆదివారం లోపు. నేను పక్కనే కూర్చుంటాను" అనండి. అలుగుతాడు. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. చెప్పనే చెప్పకపోతే మీరు చెప్పాల్సి వస్తుంది, ఆ కోపం కొన్నాళ్లు ఉంటుంది. అదీ భరించదగినదే. మీ అమ్మగారి ఏడుపు డబ్బు గురించే అని మీరనుకుంటున్నారు. పిల్లాడు ఫిబ్రవరి తర్వాత మెట్లు దిగే తీరు ఆవిడ చూడలేదంటారా? నాకైతే నమ్మకం కుదరదు.

ఆ మాట బయటపడ్డాక మీ ముందు కొన్ని దారులు ఉంటాయి.

నాన్నగారు అన్నట్టే స్థలం అమ్మి పూర్తి సీజన్‌కి పంపడం ఒకటి. మోకాలు బాగుందని డాక్టరు రాసిస్తే, ఆ శిక్షణ కేంద్రం కాగితాలు సరిగ్గా ఉంటే, ఇది పిచ్చి పని ఏమీ కాదు. మంచి మంచు, ఎక్కువ రేసులు, గట్టివాళ్ల మధ్య దిగే అలవాటు వస్తాయి. కానీ ఆ కుర్రాడు స్టార్ట్ గేట్ దగ్గర నిలబడ్డ ప్రతిసారీ పెందుర్తి స్థలం వీపు మీద ఉంటుంది. ఈ ఆటలో గెలవాలంటే హద్దు మీద దిగాలి. హద్దు మీద దిగితే పడతారు. పడితే ఇంటి స్థలం పోయిందనుకునే పిల్లాడు హద్దుకి రెండడుగులు ఇవతలే దిగుతాడు. పోనీ అంతా బాగా జరిగిందనుకోండి, వచ్చే ఏడు మళ్లీ 18 లక్షలు కావాలి. అప్పుడు ఏం అమ్ముతారు? ఒక సీజన్‌తో అయిపోయే ఆట కాదిది.

రెండోది, ఐదారు వారాల ప్రయాణం. షెంగెన్ 90 రోజుల్లో పడుతుంది. డిసెంబరులోనో జనవరిలోనో నాలుగైదు రేసులు చూసుకుని వెళ్లి, ఆ తర్వాత గుల్మార్గ్, జాతీయ పోటీలు. రెండు మంచి ఫలితాలే లెక్క కాబట్టి, బాగా ఎంచుకున్న కొద్ది రేసులతోనూ అంకె తగ్గొచ్చు. ఏ పోటీలో పెనాల్టీ ఎలా ఉంటుందో పాత కోచ్‌కి తెలుసు, ఆయన చేత చెప్పించుకోండి. ఇబ్బంది ఏమిటంటే, వాతావరణం పాడై రెండు రేసులు రద్దయితే ప్రయాణం సగం వృథా. మీ తమ్ముడికి ఇది "సగం నమ్మకం"లా కూడా అనిపిస్తుంది.

మూడోది, ఈ సీజన్ వదిలేయడం. మోకాలికి వ్యాయామం, నాలుగు సబ్జెక్టులు. 20 ఏళ్లవాడికి ఇది శిక్షలా వినిపిస్తుంది. కానీ గాయపడ్డ రేసర్లు పాయింట్లు ఒక్కసారిగా పోగొట్టుకోకుండా జాతీయ సమాఖ్య ద్వారా దరఖాస్తు పెట్టుకునే ఏర్పాటు ఎఫ్ఐఎస్‌లో ఉంది, అడగండి. 2030 వింటర్ ఒలింపిక్స్ ఫ్రాన్స్ ఆల్ప్స్‌లో. అప్పటికి ఇతనికి 24 దాటదు. ఆస్ట్రియా వీరుడు హెర్మన్ మాయర్‌ని పదిహేనో ఏట బక్కగా ఉన్నాడని స్కీ పాఠశాల నుంచి పంపేశారు. తాపీ పని చేసుకుంటూ, పిల్లలకు స్కీయింగ్ నేర్పుతూ, 24వ ఏట మొదటి వరల్డ్ కప్ రేసు గెలిచాడు. అతని ఊరే స్కీ ఊరు, తల్లిదండ్రులదే స్కీ స్కూలు. ఆ తేడా దాచి ఈ కథ మీ తమ్ముడికి చెప్పొద్దు.

ఇంకొక దారి గురించి ఇంట్లో ఎవరూ ఎత్తినట్టు లేదు. గుల్మార్గ్, ఔలీ, మనాలిలలో సీజన్లో స్కీయింగ్ నేర్పేవాళ్లు కావాలి, స్కీలు సరిచేసేవాళ్లు కావాలి. రేసు ఆడుతూనే నేర్పించే సర్టిఫికెట్ కోర్సులు చేసుకోవచ్చు. దీన్ని ఓడిపోయినవాడి పని అనుకోకండి. ఎంత పెద్ద రేసర్ అయినా ముప్ఫై దాటాక ఇంకో పని వెతుక్కోవాల్సినవాడే.

నాకు ఏది నచ్చిందని అడిగితే, రెండోదీ మూడోదీ మధ్యన మోకాలు తేల్చాలంటాను. కానీ ఏ దారి అయినా ముందు ఒక అంకె రాయండి. వచ్చే ఏప్రిల్‌కి 195 ఎంతకి రావాలి? అది కోచ్ చెప్పాలి, మీ నాన్నగారు కాదు, నేను కాదు. రాకపోతే ఏం చేయాలో కూడా ఇప్పుడే, అందరూ నవ్వుతూ ఉన్నప్పుడే మాట్లాడుకోవాలి.

ఇక మీ సంగతి. ఏడు పేజీలూ రెండుసార్లు చదివాను. తమ్ముడు తెల్లవారుజామున లేవడం ఉంది, జిమ్ ఉంది, మంచులో చేతులు పగలడం ఉంది. డబ్బు కోసం అతను ఒక్క మెయిల్ రాసినట్టు, ఒక్క తలుపు తట్టినట్టు ఎక్కడా లేదు. హెల్మెట్ నుదుటి మీద ఉండే చోటు రేసర్ సొంత స్పాన్సర్‌ది. ప్రపంచంలో ప్రతి రేసరూ ఆ నాలుగంగుళాలు అమ్ముకోవడానికి తిరుగుతాడు. మీవాడికి స్పాన్సర్ మీరే, అదీ హెల్మెట్ మీద పేరు లేకుండా. విశాఖలో చిన్నపిల్లలకి స్కేటింగ్ నేర్పించే అమ్మానాన్నలు తక్కువేం లేరు, నేర్పేవాడిగా నెలకి కొంత సంపాదించొచ్చు. దాంతో 18 లక్షలు రావు. కానీ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అతనికి తెలుస్తుంది.

ఆరిఫ్ ఖాన్ గురించి ఇంకో ముక్క. ఒలింపిక్స్ శిక్షణకి డబ్బు కూడబెట్టుకోవడానికి పెళ్లి వాయిదా వేసుకున్నాడు. తన పెళ్లి. అక్క పెళ్లి కాదు.

"నమ్మట్లేదా అక్కా" అన్నప్పుడు మీరు ఏమీ అనలేక లేచి వెళ్లిపోయారని రాశారు. ఈసారి అనండి, "నమ్ముతున్నాను, అందుకే మోకాలి గురించి అడుగుతున్నాను. డబ్బు గురించి నాన్నతో మాట్లాడు." నమ్మకం ఇవ్వడానికీ చెక్కు ఇవ్వడానికీ మధ్య గీత మీ ఇంట్లో ఎప్పుడో చెరిగిపోయింది. దాన్ని మళ్లీ గీస్తే అతని జీవితం ఆగదు, మీ జీతం మీకు మిగులుతుంది.

స్థలం నాన్నగారి పేరున ఉంటే అమ్మే హక్కు ఆయనదే. కానీ అది మీకిచ్చిన మాట. "నాన్నా, అమ్మితే నా పెళ్లి మాటేమిటి" అని మీరు నోరు విప్పి అడిగినట్టు ఉత్తరంలో లేదు. అడగడం స్వార్థం కాదు. పెళ్లి సింపుల్‌గా చేసుకుంటాను, స్థలం వాడికే ఇచ్చేయండి అని మీరే అనొచ్చు, అది మీ ఇష్టం. అడిగి ఇచ్చిన దానికీ, అడక్కుండా పోయిన దానికీ తేడా పదేళ్ల తర్వాత తెలుస్తుంది, సాధారణంగా ఏ పండక్కో అందరూ భోజనాల దగ్గరున్నప్పుడు.

మూడు లక్షల లోన్ సంగతి కూడా ఆ ఆదివారమే చెప్పేయండి. తమ్ముడి మోకాలు బయటపెట్టమని మీ అప్పు దాచుకుంటే మాట చెల్లదు. విజయనగరం అబ్బాయికి నిశ్చితార్థం లోపే చెప్పండి, నెలకి ఎంత కడుతున్నారో, ఎప్పటికి తీరుతుందో అంకెలతో. అది విని వెనక్కి వెళ్లే సంబంధమైతే ఇప్పుడే వెళ్లనివ్వండి.

ఒక చిన్న పని ఇవాళే చేయొచ్చు. ఫిబ్రవరి ఎంఆర్ఐ పాతబడింది. ఆటగాళ్ల మోకాళ్లు చూసే ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుని, "మోకాలు నొప్పి" అని కాకుండా "నవంబరులో జెయింట్ స్లాలమ్ రేసులు ఆడాలనుకుంటున్నాడు" అని చెప్పి చూపించండి. కొత్త స్కాన్ కావాలో వద్దో ఆయన చెబుతారు. ట్రావెల్ ఇన్సూరెన్సులో రేసు ఆడుతూ తగిలిన దెబ్బకి డబ్బు వస్తుందో లేదో కూడా కంపెనీని రాతపూర్వకంగా అడగండి, చాలా పాలసీల్లో రాదు. ఈ రెండు కాగితాలూ చేతికి వచ్చేదాకా పెందుర్తి బ్రోకర్‌ని ఇంకెవర్నీ తీసుకురావొద్దని నాన్నగారి చేతే ఫోన్ చేయించండి.